బిడియం, ఆధారపడటం, చాదస్తం: బెంగళూరులో ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

బెంగళూరులో మనసుకి వైద్యం వెతుక్కునేవాళ్ళకి దారులు తక్కువేం కాదు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఏ లేఅవుట్‌కి వెళ్ళినా రెండో అంతస్తులో ఒక కౌన్సెలింగ్ సెంటర్ బోర్డు కనిపిస్తుంది. ఫోన్లో యాప్‌లు సరేసరి. అనంతపురం, కడప, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళకి అసలు చిక్కు ఎంచుకోవడం దగ్గరే వస్తుంది.

భయమూ ఆందోళనా ఒక జ్వరంలా వచ్చి పోకుండా స్వభావంలోనే కలిసిపోయినవాళ్ళకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఎందుకంటే వాళ్ళు వైద్యాన్ని ఎంచుకునే తీరు కూడా ఆ స్వభావం నుంచే వస్తుంది. నలుగురిలోకి రావాలంటే ముడుచుకుపోయే మనిషి మొహం చూపించక్కర్లేని యాప్‌ని ఎంచుకుంటాడు. సొంతంగా ఏదీ తేల్చుకోలేని మనిషి అక్కనో భర్తనో అడిగి వాళ్ళు చెప్పిన చోటికి వెళ్తుంది, వెళ్ళి "మీరేం చెయ్యమంటే అది చేస్తాను డాక్టర్ గారూ" అని కూర్చుంటుంది. అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలనే మనిషి పదిహేను మంది థెరపిస్టుల పేర్లతో ఎక్సెల్ షీటు తయారుచేసి, డిగ్రీలూ ఫీజులూ రివ్యూలూ నింపి, ఆర్నెల్లు గడిచినా ఒక్కరికీ ఫోన్ చెయ్యడు.

కాబట్టి కింద చెప్పే పోలికలన్నిటి వెనకా నా సలహా ఒక్కటే. మొదటి అడుగు మీకు ఏది తేలికో అటే వెయ్యండి. అక్కడే ఆగిపోకుండా, రెండో అడుగు నుంచి మీ స్వభావానికి కాస్త ఎదురు నడిపించేదాన్ని ఎంచుకోండి.

మూడింటిలో ఏది?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ డీఎస్ఎం-5 అనే పుస్తకం స్వభావమే చిక్కుగా మారే పది రకాల పర్సనాలిటీ డిజార్డర్లను మూడు గుంపులుగా విడగొడుతుంది. భయం, ఆందోళన ప్రధానంగా ఉండే గుంపు పేరు క్లస్టర్ సి. అందులో ఉన్నవి మూడు: అవాయిడెంట్ (బిడియం), డిపెండెంట్ (ఆధారపడటం), అబ్సెసివ్ కంపల్సివ్ (చాదస్తం). మూడోదాన్ని పొట్టిగా ఓసీపీడీ అంటారు. మన దేశంలో చాలా ఆస్పత్రులు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా వాడతాయి. ఆ జాబితా పాత రూపం, ఐసీడీ-10, ప్రకారమైతే మీ కాగితం మీద ఎఫ్60.6 (అవాయిడెంట్), ఎఫ్60.7 (డిపెండెంట్), ఎఫ్60.5 (ఓసీపీడీ) అన్న కోడ్లు కనిపించవచ్చు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జాబితా, ఐసీడీ-11, ఈ రకాల పేర్లే తీసేసింది. సమస్య తీవ్రత ఎంత, మైల్డా, మోడరేటా, సివియరా అన్నది ముందు చూసి, ఆ తర్వాత ఏ లక్షణాలు ఎక్కువో రాస్తారు. అందుకని ఒక డాక్టరు "అవాయిడెంట్" అనీ ఇంకొకరు "పర్సనాలిటీ డిజార్డర్, మైల్డ్" అనీ రాస్తే ఇద్దరిలో ఒకరు పొరబడ్డారనుకోవద్దు.

ఇంకో మాట. ఇవి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి సాధారణంగా అంటించే పేర్లు కావు. పెద్దవాళ్ళలో కూడా యవ్వనం నుంచీ అలాగే ఉంటూ, ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల్లో అన్ని చోట్లా కనిపిస్తేనే ఈ లెక్కలోకి వస్తుంది. నలభై ఏళ్ళ దాకా హాయిగా తిరిగిన మనిషి ఈ మధ్యే ముడుచుకుపోతున్నాడంటే ముందు డిప్రెషన్ ఉందేమో, థైరాయిడ్ తేడాగా ఉందేమో, తాగుడు పెరిగిందేమో చూడాలి.

అవాయిడెంట్‌తోనే ఎక్కువ గందరగోళం వస్తుంది, ఎందుకంటే మన ఇళ్ళలో దానికి మంచి పేరుంది. "మా వాడు నెమ్మదస్తుడండీ, నోట్లో నాలుక లేదు" అని తల్లి మురిసిపోతుంది. మారతహళ్ళి పీజీలో ఉండే ఆ నెమ్మదస్తుడు ఆఫీసు టీమ్ స్టాండప్ కాల్‌లో కెమెరా ఆపేసి ఉంచుతాడు. టీమ్ లంచ్ ఉన్న రోజు కడుపు నొప్పి వస్తుంది. లీడ్ పోస్టు ఇస్తామంటే వద్దంటాడు, పని రాక కాదు, పదిమందితో మాట్లాడాల్సి వస్తుందని. ఊళ్ళో పెళ్ళికి రమ్మంటే మడివాళలో బస్సు టికెట్లు దొరకలేదంటాడు. మనుషులంటే ఇష్టం లేదనుకుంటారు అందరూ. నిజానికి స్నేహం కావాలని అతను లోలోపల కొట్టుకుపోతుంటాడు. "దగ్గరికి వస్తే నేను ఎంత పనికిరానివాణ్ణో తెలిసిపోతుంది" అన్న నమ్మకం కాలు ముందుకు పడనివ్వదు.

దీనికీ సోషల్ యాంగ్జైటీకీ తేడా ఏమిటని అందరూ అడుగుతారు. రెండూ చాలావరకు ఒకదానిమీద ఒకటి పడతాయి, చాలామందికి రెండూ ఉంటాయి, ఒకే గీతమీద అటూ ఇటూ ఉన్నవేనని వాదించే పరిశోధకులూ ఉన్నారు. ఎంపికకి పనికొచ్చే తేడా మాత్రం ఇది. ప్రెజెంటేషన్ ఇచ్చేటప్పుడు, ఇంటర్వ్యూలో, పదిమంది ముందు తినేటప్పుడు గుండె దడదడలాడి, మిగతా వేళల్లో తనమీద తనకి పెద్దగా తక్కువ భావం లేకపోతే అది సోషల్ యాంగ్జైటీ వైపు. అలాంటివాళ్ళలో చాలామందికి మూడు నాలుగు నెలల సీబీటీతోనే (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ) మంచి మార్పు వస్తుంది. భయం సందర్భాన్ని దాటి "నేనే తక్కువ" అన్నచోట పాతుకుపోయి ఉంటే ఎక్కువ కాలం పట్టే చికిత్సకి సిద్ధపడి వెళ్ళాలి. పార్టీకి వెళ్ళే ముందు రెండు పెగ్గులు వేసుకుంటేనే మాట పెగులుతుందనే అలవాటు రెండిట్లోనూ ఉంటుంది. డాక్టరుకి ఇది దాచకండి.

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులూ, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులూ దీనికి మందు కావు. నలుగురి ముందు మాట్లాడటం నేర్పే క్లబ్బులు మంచివే, థెరపీకి తోడుగా అయితే. ఒంటరిగా వాటిలోకి దూకితే రెండో వారమే మానేసి "చూశావా, ఇదీ చేతకాలేదు" అన్న పాత పాటకి ఇంకో చరణం చేరుతుంది.

డిపెండెంట్ గురించి మన సమాజంలో తీర్పు చెప్పడం కష్టం. పెళ్ళికీ ఇల్లు కొనడానికీ పెద్దల్ని అడగడం మనకి మర్యాద. డీఎస్ఎం కూడా వయసునీ సంస్కృతినీ లెక్కలోకి తీసుకోమనే అంటుంది. చూడాల్సింది చిన్న చిన్న విషయాల్లో. ఏ కూర వండాలో, ఏ చుడీదార్ వేసుకోవాలో కూడా ఒకరు చెప్తే తప్ప తేలకపోవడం. తప్పని తెలిసినా, కాదంటే వదిలేస్తారని అవుననడం. ఒక్కతే ఉండాల్సి వస్తే ప్రాణం పోయినంత పనవడం. ఒక బంధం తెగిన వారానికే ఇంకొకరిని పట్టుకోవడం.

అయితే కొత్తగా పెళ్ళై వైట్‌ఫీల్డ్‌లో పధ్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చి, కన్నడం రాక, చేతిలో ఉద్యోగం లేక, రోజుకి ఆరుసార్లు కడపకి ఫోన్ చేసే అమ్మాయికి ఈ పేరు పెట్టకండి. ఆమె ఉన్న పరిస్థితే ఆమెని అలా చేసింది. స్కూటీ, కాస్త కన్నడం, ఇద్దరు స్నేహితులు వచ్చాక చూడండి. అలాగే భర్త కొడుతున్నా, డబ్బు చేతికివ్వకపోయినా, ఫోన్ లాక్కుంటున్నా ముందు చూడాల్సింది ఆమె క్షేమం. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. స్వభావం సంగతి తర్వాత.

ఓసీపీడీ అంటే మనం చాదస్తం అని నవ్వేసేది, ముదిరితే. ఆఫీసులో ఈ మనిషికి అవార్డులొస్తాయి. కోడ్ రివ్యూలో కామా కూడా వదలడు. కాకపోతే పని పూర్తికాదు, ఎందుకంటే ఎంత చేసినా సరిగ్గా వచ్చినట్టుండదు. ఇంకొకరికి అప్పగించలేడు. సెలవు తీసుకుంటే తప్పు చేసినట్టుంటుంది. ఇరవై ఏళ్ళనాటి వైర్లూ డబ్బాలూ పారెయ్యడు, ఎప్పుడో పనికొస్తాయి. పైసా ఖర్చు పెట్టాలన్నా రేపటి ఆపద గుర్తొస్తుంది. ఇంట్లో గిన్నె ఏ వైపు బోర్లించాలో కూడా రూలు ఉంటుంది, పిల్లలు నాన్న ఇంటికి వచ్చే టైముకి తలుపేసుకుంటారు.

దీన్ని ఓసీడీతో కలపకండి, ఎందుకంటే వైద్యమే వేరు. ఓసీడీ ఉన్న మనిషి చేతులు ఇరవైసార్లు కడుగుతూ "ఇది పిచ్చి పని, ఆపుకోలేకపోతున్నాను" అని ఏడుస్తాడు. ఓసీపీడీ ఉన్న మనిషికి తను చేసేదే సరైనది, మిగతా ప్రపంచానికే శ్రద్ధ లేదు. ఓసీడీకి ఈఆర్పీ అనే ప్రత్యేక థెరపీ (భయాన్ని ఎదుర్కొంటూ ఆ పని చెయ్యకుండా ఆపుకోవడం నేర్పేది), డిప్రెషన్‌కి కూడా వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు బాగా పనిచేస్తాయి. ఓసీపీడీ అలా మందుకి లొంగదు. సాయానికి సొంతంగా రావడం కూడా ఇతనికి కష్టమే. భార్య విడిపోతానన్నాకనో, రక్తపోటు పెరిగి ఆస్పత్రిలో పడ్డాకనో వస్తాడు. వచ్చేటప్పుడు కూడా "వీళ్ళందరితో వేగలేక నాకు టెన్షన్" అనే వస్తాడు.

ఇవేం అరుదు కాదు. అమెరికాలో 2001-02లో జరిగిన పెద్ద సర్వే ఆధారంగా అవాయిడెంట్ వందలో సుమారు 2.4 మందికీ, డిపెండెంట్ అర శాతం లోపు మందికీ ఉన్నట్టు డీఎస్ఎం-5 రాసింది. ఓసీపీడీ అంచనా 2.1 నుంచి 7.9 శాతం.

ఎవరిని కలవాలి

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద ఎండీయో డీఎన్‌బీయో డీపీఎమ్మో చేసిన డాక్టరు. మందు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. పరీక్షలు, థెరపీ వాళ్ళ పని. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు చదివి, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. ఆ నంబరు అడగడం మర్యాద తక్కువేం కాదు, మంచివాళ్ళు వెంటనే చెప్తారు. ఇక కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఇప్పటిదాకా అంత గట్టి కట్టడి లేదు. అద్భుతమైనవాళ్ళూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు.

ఈ మూడు సమస్యలకీ నేనైతే క్లినికల్ సైకాలజిస్టుని మధ్యలో పెట్టి, సైకియాట్రిస్టుని మొదట ఒకసారి చూడమంటాను. కారణం చిన్నది. ఈ స్వభావంతో వచ్చేవాళ్ళలో చాలామందికి పైన డిప్రెషనో, పానిక్ దాడులో, నిద్రలేమో ఉంటాయి. అవి కుదుటపడితే తప్ప థెరపీలో చెప్పేది బుర్రకెక్కదు. అసలు వ్యక్తిత్వ సమస్యకంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు, ఈ మూడింటిలో దేనికీ. పైన ఉన్న డిప్రెషన్‌కీ ఆందోళనకీ ఎస్ఎస్ఆర్ఐలు పనికొస్తాయి, వాటికి రెండు మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి గంటలో ప్రశాంతత ఇస్తాయి కాబట్టి భయస్తులకి బాగా నచ్చుతాయి. నెలల తరబడి వాడితే అలవాటు పడిపోతారు. డాక్టరు రాసినన్ని రోజులే వాడండి, మెడికల్ షాపులో పాత చీటీ చూపించి కొనకండి. ఆపేటప్పుడు కూడా డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించాలి.

కంపెనీ ఇచ్చే ఈఏపీ కౌన్సెలింగ్ గురించి ఐటీ వాళ్ళకి ఎప్పుడూ ఒకే అనుమానం: హెచ్ఆర్‌కి తెలుస్తుందా? సాధారణంగా వాళ్ళకి ఎంతమంది వాడారన్న లెక్కే వెళ్తుంది, ఎవరన్నది వెళ్ళదు. మొదటి కాల్‌లోనే ఆ మాట అడిగి నిర్ధారించుకోండి. ఉచితంగా ఇచ్చే సెషన్లు కొన్నే ఉంటాయి, స్వభావాన్ని కదిలించడానికి అవి చాలవు. కానీ అవాయిడెంట్ మనిషికి జీవితంలో మొదటిసారి ఈ విషయం నోటితో అనడానికి ఇంతకంటే తేలికైన గుమ్మం దొరకదు. టెలీ-మానస్ కూడా అలాంటిదే. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 14416కి ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు.

నిమ్హాన్స్, ప్రైవేటు, ఆన్‌లైన్

1974లో పాత మైసూరు రాష్ట్ర మానసిక ఆస్పత్రినీ ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌నీ కలిపి పెట్టిన సంస్థ నిమ్హాన్స్. రాయలసీమలో దాని పేరు తెలియని ఊరుండదు. పేరు వినగానే "అక్కడికా!" అని ముఖం పెట్టే చుట్టాలూ ఉంటారు, ఆ సంగతి వేరు. ఖర్చు చాలా తక్కువ. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్ ఒకే ఆవరణలో ఉంటారు. రోగ నిర్ణయం విషయంలో నేనైతే బెంగళూరులో ఇంకెక్కడికంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను, ముఖ్యంగా ఓసీడీయా ఓసీపీడీయా, సోషల్ యాంగ్జైటీయా అవాయిడెంటా అని తేల్చాల్సినప్పుడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి, సెలవు పెట్టుకునే వెళ్ళాలి, వందలమంది మధ్య కూర్చోవాలి. ఇది బోధనాసుపత్రి, కాబట్టి మీ కథ మొదట వినేది చదువుకుంటున్న జూనియర్ డాక్టరు, తర్వాత పెద్దాయన ముందు మళ్ళీ చెప్పాలి. థెరపీ చేసేవాళ్ళు కూడా చాలాసార్లు శిక్షణలో ఉన్నవాళ్ళే, పైన ప్రొఫెసర్ పర్యవేక్షణ ఉంటుంది. పర్యవేక్షణ ఉన్న విద్యార్థి, ఎవరికీ జవాబుదారీ కాని పదేళ్ళ అనుభవం కంటే ఒక్కోసారి మేలు. కాకపోతే వాళ్ళ కోర్సు పూర్తయితే మీ థెరపిస్టు మారిపోతారు. డిపెండెంట్ స్వభావం ఉన్నవాళ్ళకి అది పెద్ద దెబ్బ, ముందే అడిగి తెలుసుకుంటే తట్టుకోవచ్చు. ఆ జనాన్ని చూస్తేనే వెనక్కి తిరిగి వచ్చేస్తామనుకుంటే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. ఆస్పత్రి వాతావరణం తక్కువ. ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో, కోరమంగళ దగ్గరి సెయింట్ జాన్స్ లాంటి చోట్ల, ఖర్చూ రద్దీ రెండూ మధ్యస్థం. పక్కన గుండె డాక్టరు, చర్మ డాక్టరు కూడా ఉంటారు గనక "ఆస్పత్రికి వెళ్ళొస్తా" అని ఇంట్లో చెప్పుకోవడానికి వీలు.

ప్రైవేటులో సమయం మీది, థెరపిస్టు మారరు, సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళ్ళొచ్చు. సెషన్‌కి వెయ్యి నుంచి మూడు వేల దాకా అడగడం ఇక్కడ మామూలు. ఒక్క సెషన్ రేటు చూసి నిర్ణయించకండి, ఏడాది లెక్క వెయ్యండి. 1,500 చొప్పున యాభై సెషన్లంటే 75,000. పదో సెషన్‌లో డబ్బులైపోయి ఆగిపోయే ఖరీదైన థెరపిస్టు కంటే ఏడాదంతా కొనసాగించగలిగే మామూలు థెరపిస్టు మంచి ఎంపిక. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఫీజు తగ్గించేవాళ్ళు చాలామంది ఉన్నారు, అడగాలి అంతే. అడగలేకపోవడమే కదా మన జబ్బు అంటారా? మెసేజ్ పెట్టండి.

ఇన్సూరెన్స్ గురించి పెద్ద ఆశ వద్దు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని చెప్పింది, అది 2018 మేలో అమల్లోకి వచ్చింది. కానీ ఎక్కువ పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, వారం వారం థెరపీకి ఇవ్వవు. మీ పాలసీలో ఓపీడీ కవర్ ఉంటే అందులో థెరపీ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఆన్‌లైన్ థెరపీ మంచిదా అంటే, మూడు స్వభావాలకి మూడు జవాబులు. చాదస్తం ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ బాగానే ఉంటుంది, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట పోయిందన్న కోపం ఉండదు, వాయిదా వెయ్యడానికి సాకూ ఉండదు. డిపెండెంట్ వాళ్ళకి ఒక్కటే చూడాలి: పక్క గదిలో అమ్మో భర్తో వింటూ ఉంటే అది థెరపీ కాదు. అవాయిడెంట్ వాళ్ళు మొదలు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. కానీ మొదటిరోజే థెరపిస్టుతో "రెండు మూడు నెలల్లో ఎదురుగా వచ్చి కూర్చుంటాను" అని ఒప్పందం చేసుకోండి. చాట్‌లో టైపు చేసే థెరపీ, కెమెరా ఆపేసిన కాల్, మనిషే లేని బాట్... ఇవన్నీ వాళ్ళకి ఎంత హాయిగా ఉంటాయో అంత తక్కువ పనిచేస్తాయి, ఎందుకంటే ఒక మనిషి కళ్ళలోకి చూస్తూ ఉండగలగడమే అక్కడ నేర్చుకోవాల్సిన పాఠం.

తెలుగులోనే కావాలా?

దొరికితే మంచిదే. చిన్నప్పుడు నాన్న తిట్టిన తిట్టు ఇంగ్లీషులోకి మారిస్తే అందులో కారం పోతుంది. "నన్ను చూసి నవ్వుతారు" అన్న భయం నేర్చుకున్న భాషలోనే దాన్ని విప్పితే త్వరగా విడుతుంది. బెంగళూరులో తెలుగు మాట్లాడే డాక్టర్లకీ సైకాలజిస్టులకీ కరువు లేదు. సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే రోగులవల్ల తెలుగు అర్థమయ్యే కన్నడ డాక్టర్లూ చాలామంది.

కొంతమందికి మాత్రం తెలుగువాళ్ళంటేనే భయం. మన ఊరివాళ్ళో, మన కులం వాళ్ళో అయితే కబురు ఇంటికి చేరుతుందని, సంబంధాలు చెడిపోతాయని. ఆ 2017 చట్టంలోనే మీ వివరాలు రహస్యంగా ఉంచే హక్కు రాసుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు లాంటి కొద్ది సందర్భాల్లో తప్ప మీ అమ్మానాన్నలకైనా చెప్పడానికి వీల్లేదు. మేజరైన మనిషి థెరపీకి వెళ్ళడానికి ఇంట్లో ఎవరి సంతకమూ అక్కర్లేదు. అయినా మనసు ఒప్పుకోకపోతే ఇంగ్లీషులో మొదలుపెట్టండి, ఏం పోయింది. ఏడుపొచ్చినప్పుడు తెలుగులో మాట్లాడతానని, అర్థం కాకపోతే తర్వాత చెప్తానని అనొచ్చు. తెలుగు థెరపిస్టు దొరికేదాకా ఆగుతానంటూ ఏడాది గడిపెయ్యడం మాత్రం పైన చెప్పిన ఎక్సెల్ షీటుకి ఇంకో రూపం.

ఏ రకం థెరపీ

ఇక్కడ జనం అవసరానికి మించి బుర్ర బద్దలు కొట్టుకుంటారు. నార్వేలో యాభై మంది క్లస్టర్ సి రోగుల మీద జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో సగం మందికి కాగ్నిటివ్ థెరపీ (సీబీటీకి దగ్గరిది), సగం మందికి షార్ట్-టర్మ్ డైనమిక్ థెరపీ (పాత అనుభవాల్నీ లోపలి భావాల్నీ తవ్వేది) వారానికొకటి చొప్పున నలభై సెషన్లు ఇచ్చారు. రెండు జట్లూ బాగుపడ్డాయి, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవాయిడెంట్ వాళ్ళకి మాత్రమే ఇరవై సెషన్లిచ్చి చూసిన 2006 నాటి డచ్ అధ్యయనంలో డైనమిక్ థెరపీ కంటే సీబీటీ ముందుంది. అంటే కాలం తక్కువైనప్పుడు సూటిగా పనిచెప్పే సీబీటీ మేలు, ఏడాదిపాటు కూర్చునే ఓపిక ఉంటే రకం కంటే మనిషి కుదరడం ముఖ్యం అని నేను చదువుకుంటాను.

ఓపికా డబ్బూ ఉన్నవాళ్ళు అడగాల్సిన ఇంకో పేరు స్కీమా థెరపీ. జెఫ్రీ యంగ్ రూపొందించింది. చిన్నప్పుడు మనలో పడిన "నేను తక్కువ", "నన్ను వదిలేస్తారు", "తప్పు చేస్తే క్షమించరు" లాంటి ముద్రలను వెతికి పట్టుకుని, ఖాళీ కుర్చీతో మాట్లాడించడం, పాత జ్ఞాపకాన్ని కళ్ళు మూసుకుని కొత్తగా ముగించడం లాంటి పద్ధతులతో వాటిని సడలిస్తారు. నెదర్లాండ్స్‌లో 323 మంది మీద చేసి 2014లో వెలువరించిన అధ్యయనంలో, వాళ్ళలో ఎక్కువమంది క్లస్టర్ సి వాళ్ళే, యాభై సెషన్ల స్కీమా థెరపీ తీసుకున్నవాళ్ళు మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళకంటే ఎక్కువ శాతం కోలుకున్నారు, మధ్యలో మానేసినవాళ్ళూ తక్కువే. బెంగళూరులో స్కీమాలో శిక్షణ పొందామనేవాళ్ళు ఉన్నారు. ఎక్కడ, ఎన్నాళ్ళు నేర్చుకున్నారో, ఇప్పుడు ఎవరి సూపర్‌విజన్‌లో ఉన్నారో అడగండి.

ఓసీపీడీ వాళ్ళకి థామస్ లించ్ తయారుచేసిన రాడికల్లీ ఓపెన్ డీబీటీ అనే పద్ధతి సరిగ్గా సరిపోతుంది. అతిగా బిగపట్టుకునే మనుషుల కోసమే దాన్ని రూపొందించారు. మన దగ్గర చేసేవాళ్ళు తక్కువ.

గ్రూప్ థెరపీ అంటే అవాయిడెంట్ మనిషికి చలిజ్వరం వస్తుంది. అందుకే అది అతనికి అవసరం. కానీ మొదటి నెలలో కాదు. ఒక్కరితో కొన్ని నెలలు నిలదొక్కుకున్నాక ఎనిమిది పదిమంది ఉన్న గదిలోకి వెళ్ళి, తన మాట విని ఎవరూ నవ్వలేదని చూసుకోవడం ఏ పుస్తకమూ ఇవ్వలేని అనుభవం.

పెళ్ళి కూడా ఒక చికిత్సే అనుకునే ఇళ్ళున్నాయి. "తోడొస్తే అన్నీ సర్దుకుంటాయి" అని. బిడియస్తుడు ఇంట్లోనే ఇంకో గది వెతుక్కుంటాడు, ఆధారపడే పిల్ల అమ్మ నుంచి అత్తకి మారుతుంది, చాదస్తానికి ఇంకో బాధితురాలు దొరుకుతుంది. సంబంధం ఈలోగా కుదిరితే కుదరనివ్వండి గానీ, థెరపీ ఆపి పెళ్ళి చెయ్యకండి.

మొదటి మూడు సెషన్లలో చూడాల్సింది

మంచి థెరపిస్టు మొదటిరోజే మీకు పేరు అంటించరు. బాల్యం, చదువు, ఉద్యోగం, స్నేహాలు, తాగుడు, నిద్ర, చనిపోవాలన్న ఆలోచనలు, అన్నీ అడుగుతారు. మూడో నాలుగో సెషన్‌కి ఏం చెయ్యబోతున్నామో, ఎన్నాళ్ళు పట్టొచ్చో మాటల్లో చెప్తారు. మీరు చెప్పేది మధ్యలో ఆపి తన సొంత గొడవలు చెప్పుకుంటే, దేవుడిమీద నమ్మకం పెంచుకోమని సరిపెడితే, ఆరు సెషన్లలో నయం చేస్తానని మాటిస్తే మారిపోండి.

డిపెండెంట్ స్వభావం ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించాలి. ఉద్యోగం మానాలా, విడాకులు తీసుకోవాలా అని మీరడిగితే చటుక్కున జవాబు చెప్పేసే థెరపిస్టు మీకు బాగా నచ్చుతారు. నచ్చడమే ప్రమాదం. ఆ ప్రశ్నని మళ్ళీ మీ చేతికే ఇచ్చి, మీరు తేల్చుకునేదాకా పక్కన ఉండేవాళ్ళు కావాలి. చాదస్తం వాళ్ళకి తలూపే థెరపిస్టు పనికిరారు, కాస్త నవ్వించేవాళ్ళు, "హోంవర్క్ సగమే చేసి తీసుకురండి" అనగలిగేవాళ్ళు కావాలి. షీటు వదలలేకపోతే మూడు పేర్ల దగ్గర ఆపి, మొదట అపాయింట్‌మెంట్ ఇచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

బతకాలని లేదన్న ఆలోచనలు ఇప్పుడే తిరుగుతుంటే ఈ పోలికలేవీ అక్కర్లేదు. 14416కి చేయండి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి వెళ్ళండి, అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

మానేసే పద్ధతి కూడా ముందే తెలుసుకోవాలి. అవాయిడెంట్ మనిషి మానేసేటప్పుడు చెప్పడు, మాయమైపోతాడు. ఫోన్ ఎత్తడు, తర్వాత సిగ్గుపడి అటువైపు వెళ్ళడు, రెండేళ్ళకి ఇంకొకరి దగ్గర మొదటినుంచీ మొదలుపెడతాడు. అందుకని మొదటి సెషన్‌లోనే థెరపిస్టుకి ఇలా చెప్పి ఉంచండి: "నేను చెప్పకుండా రాకపోతే, మీరు ఒక మెసేజ్ పెట్టండి. కోపం రాలేదని రాయండి. నేను ఇంకొక్కసారి వచ్చి, ఎందుకు మానేస్తున్నానో ఎదురుగా చెప్పి వెళ్తాను."